‘ఊరికే’ అన్న మాటకు నేను రాసిన చీటీ

నిఘంటువు పనిలో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు పోయిన నెల భవానీపురంలో మా ఇంటికి వచ్చారు. అందులో ఒకమ్మాయి కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని, "మేడం, మీ రోజుల్లో పని ఎలా జరిగేదో చెప్పండి, రాసుకుంటాం" అంది. అరగంట చెప్పాను. వాళ్ళు వెళ్ళాక తల్చుకుంటే, చెప్పిందంతా చీటీల సైజులు, బీరువాల సంగతి, నా ఉద్యోగం పర్మనెంట్ అవడానికి పట్టిన కాలం. అసలు పనేమిటో ఒక్క ముక్క చెప్పలేదు. కాఫీ ఇచ్చి ఖాళీ చేతులతో పంపించినట్టయింది. అందుకని ఇది రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఒక ఊరి పేరైతే అసలు రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

గీత పైన, గీత కింద

డెబ్బైల్లో మా కార్యాలయం విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడ మీద మూడు గదులు. కింద సైకిళ్ళ షాపు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొట్టంతో గాలి కొడుతున్న చప్పుడులో మేము మాటలకు అర్థాలు రాసేవాళ్ళం.

పనంతా చీటీల మీదే. పోస్టు కార్డంత అట్టముక్క. పైన మాట. దాని కింద అర్థం. మధ్యలో వాడుక, అంటే ఆ మాటతో ఎవరో ఒక మనిషి నిజంగా అన్న వాక్యం. ఆ తరవాత అడ్డంగా ఒక గీత. గీత కింద ఆ వాక్యం అన్నవాళ్ళ పేరు, వయసు, చేసే పని, ఊరు, ఏ సందర్భంలో అన్నారో. గీత పైన ఉన్నది నిఘంటువులోకి వెళ్తుంది. కింద ఉన్నది బీరువాలో ఉండిపోతుంది. అది కేవలం మా కోసం, వాక్యం మేం కూర్చుని అల్లింది కాదనడానికి సాక్ష్యం కోసం.

మా వృత్తిలో కల్పించిన వాక్యాన్ని మించిన పాపం లేదనేవారు. నేనూ నమ్మాను. దాన్ని మించిన పాపం ఒకటుందని నాకు తరవాత తెలిసింది.

మాస్టారు

మా సంపాదకులు వెంకటప్పయ్య మాస్టారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరై ఈ పనికి వచ్చారు. పొడుం పీల్చేవారు. ఆయన చూసిన చీటీ మీద సంతకం అక్కర్లేదు, పొడుం మరక ఉంటే చాలు. ఇప్పుడందరూ ఆయన్ని దేవుడంటారు. నేను అనను. ఆడపిల్ల ఊళ్ళు పట్టుకు తిరిగితే రేపు పెళ్ళెవరు చేసుకుంటారని ఆరు నెలలు నన్ను కుర్చీలోంచి కదలనివ్వలేదు. చివరికి చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళిన మగవాళ్ళకు తిట్లు తప్ప మాటలు దొరకడం లేదని తెలిసి, గతిలేక నన్ను పంపారు. కానీ వినడం నేర్పింది మాత్రం ఆయనే. ఆ రుణం తీరేది కాదు.

నాకు ఊకారం అప్పగించారు. ‘ఊరికే’ దగ్గరికి వచ్చేసరికి నేను పది నిమిషాల్లో ‘కారణం లేకుండా’ అని రాసి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఏం అమ్మాయ్, ఇది కూడా ఊరికే రాసేశావా?" అన్నారు.

"అర్థం సరిగానే ఉంది గదా మాస్టారూ?"

"మీ అమ్మ వంటింట్లోంచి నిన్ను పిలుస్తుంది. ఏంటమ్మా అని వెళ్తావు. ఏం లేదు, ఊరికే పిలిచానే అంటుంది. కారణం లేకుండానే పిలిచిందంటావా?"

అమ్మ నిజంగానే అలా పిలిచేది. నేను విసుక్కునేదాన్ని.

"వెళ్ళు. వెళ్ళి మనుషుల్ని విను. వాక్యం లేని అర్థం పెళ్ళికొడుకు లేని పెళ్ళి" అని చీటీ నా చేతిలో పెట్టేశారు.

అప్పటినుంచి చెవులు రిక్కించుకుని తిరిగాను. పక్కింటి పిన్నిగారు ఊరికే వచ్చానమ్మా అని కూర్చునేది, లేచే ముందు కొంగు చాటు నుంచి పంచదార గిన్నె బయటికి వచ్చేది. బస్సులో ఒకాయన పక్కవాణ్ణి ఊరికే ఉండవయ్యా అన్నాడంటే నోరు మూసుకోమని. కూచిపూడిలో ఒక తల్లి, గజ్జెలు విప్పేసి మూల కూర్చున్న కూతుర్ని, "విద్య ఊరికే వస్తుందటే?" అని కేకలేసింది. అక్కడ దానికి కష్టపడకుండా అని అర్థం. పిల్లాణ్ణి ఏడిపించిన బాబాయి ఊరికే అన్నాన్లేరా అంటే, అన్నది నిజం కాదని. మా నాన్న, "మీ అమ్మ ఊరికే కంగారు పడుతుంది" అనేవారు. అది అస్తమానమూ అని.

చీటీల కట్ట పెరిగింది గానీ నాక్కావలసింది దొరకలేదు. అచ్చంగా ఏ కారణమూ లేకుండా ఒక మనిషి ఒక పని చేసి, ఊరికే చేశాను అనాలి. అలాంటి వాక్యం ఒక్కటి దొరికితే మాస్టారి ముందు పెట్టి, చూశారా నా మొదటి అర్థమే సరైంది అనాలి. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పంతం ఎక్కువ.

జంక్షన్

హనుమాన్ జంక్షన్‌లో లారీలు ఆగే చోటికి వెనకగా చేపల ఆడవాళ్ళు వరసగా గంపలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. కొల్లేటి పక్క ఊళ్ళ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చి, సరుకు అయిపోయాక మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్ళేవాళ్ళు. నేను వారానికి రెండు మూడు రోజులు విజయవాడ నుంచి వెళ్ళి వాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. చీటీలు రాసుకునే అమ్మాయినని ఎవరో చెబితే, మొదటి వారం వాళ్ళు నేను చీటీపాట కట్టించుకోవడానికి వచ్చాననుకున్నారు. "మాకొద్దమ్మా, ఇదివరకోసారి ఒకడు కట్టించుకుని ఎగ్గొట్టాడు" అని మొహం తిప్పేసుకున్నారు. ఆ అపోహ పోగొట్టి నన్ను తమలో కలుపుకున్న మనిషి సత్తెమ్మ.

సత్తెమ్మకు ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె మొగుడు కొల్లేట్లో వలలు వేసేవాడు. బొమ్మిడాయిలు, జెల్లలు అంటూ ఆమె చేపల పేర్లు చెబుతుంటే నేను రాసుకోలేక చెయ్యి నొప్పి పుట్టేది. తలమీద గంప కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురును ఒళ్ళో పెట్టుకుని, నా కోసం ఒక్కొక్క మాట రెండేసి సార్లు చెప్పేది. నాకంటే ఆరేళ్ళు పెద్దదని తెలిసి కూడా నేను ఆమెను నువ్వు అనేదాన్ని. ఆమె నన్ను మీరు అనేది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు మాటలు పూర్తికాక ఆమెతో పాటే మధ్యాహ్నం బస్సెక్కాను. వాళ్ళ ఊరు ఇంకా చాలా ముందుందనగా ఒక చోట ఆమె గంప తీసుకుని దిగిపోయింది. నేనూ దిగాను.

"ఇక్కడ దిగావేం సత్తెమ్మా?"

"ఊరికేనండీ."

"ఊరికే ఎవరైనా దిగుతారా?"

"అదిగోనండీ, ఆ బడి ఎదర అరుగుంది గదా. రోజూ ఈడ ఊరికే కూకుంటానండి. గాలి బాగుంటది. మళ్ళా ఎనకాల బస్సుకి ఎల్లిపోతా."

"రోజూనా?"

"రోజూనండి."

"ఎవరైనా చుట్టాలున్నారా ఈ ఊళ్ళో?"

ఆమె చుట్టకుదురు విప్పి మళ్ళీ చుట్టుకుంది. "మీరు కూకోండి, నిలబడ్డారేందండీ" అంది.

మూసేసిన బియ్యం మిల్లు తాలూకు అరుగు అది. ఎదురుగా రోడ్డుకు అవతల చిన్న బడి. కాసేపటికి గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చారు, అరుచుకుంటూ పోయారు. సత్తెమ్మ కదలకుండా కూర్చుంది. ఆమె ఎటు చూస్తోందో నేను చూడలేదు. చీటీ మోకాలి మీద పెట్టుకుని వాక్యం రాసుకుంటున్నాను. నా సంతోషం ఇంతా అంతా కాదు. పని లేదు, చుట్టం లేదు, కొనేది లేదు, అమ్మేది లేదు. ఒక మనిషి రోజూ బస్సు దిగి ఊరికే కూర్చుంటోంది. ఏడాదిగా వెతుకుతున్న వాక్యం నా ఒళ్ళో పడింది.

పిల్లలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. వాక్యం దొరికిన వేళ మనం కాగితం వైపు చూస్తాం. ఆ వేళే మనిషి వైపు చూడాలి.

నేను చేసిన పని

ప్రతి అక్షరానికీ కొన్ని చీటీలను ఎంచి, స్టెన్సిల్ కోయించి, కాగితాల మీదికి తీసి, చుట్టుపక్కల ఊళ్ళ బడి పంతుళ్ళకు పోస్టులో పంపేవాళ్ళం. మీ వైపు ఈ మాటను ఇలాగే వాడతారా, వేరేగా వాడతారా అని వాళ్ళు పక్కన రాసి తిప్పి పంపేవాళ్ళు. అలా పంపేటప్పుడు గీత పైనున్నది మాత్రమే ఎక్కించాలి. ఇది మాస్టారు పెట్టిన నియమం.

ఊకారం కాగితాలు తయారయ్యే రోజుల్లో మాస్టారు కంటి శుక్లాల ఆపరేషన్‌కు వెళ్ళారు. పెత్తనం నా చేతికి వచ్చింది. ‘ఊరికే’ చీటీ చూసిన ఒక పంతులుగారైనా, ఇలాంటి వాక్యం ఎవరంటారు, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని అల్లి ఉంటారు, అని నవ్వుతారేమోనని నా భయం. అందుకని ఆ ఒక్క చీటీకి గీత కింద ఉన్నది కూడా టైపు చేయించాను. సత్తెమ్మ పేరు, వయసు, చేపల అమ్మకం, ఊరు. సందర్భం దగ్గర, ఫలానా ఊరి బడి ఎదుట, బడి వదిలే వేళ, రోజూ, అని. టైపు చేసే ఆవిడ కూడా, "ఇది కూడానా?" అని అడిగింది. "ఆఁ, కొట్టండి" అన్నాను. ఎవరో తొందరపెట్టి చేయించింది కాదు, పొరపాటున జరిగింది కాదు. గర్వం కొద్దీ నేనే చేశాను.

ఆ కాగితాల్లో ఒకటి ఆ బడికే వెళ్ళింది.

మూడు వారాల తరవాత జంక్షన్‌కు వెళ్తే వరసలో సత్తెమ్మ చోటు ఖాళీగా ఉంది. మిగతావాళ్ళు నాతో మాట్లాడలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆమె వచ్చింది గానీ గంపలో సగం కూడా లేదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"నా మాట కాయితం మీదికెక్కిందంటగదండీ" అంది.

అప్పుడు చెప్పింది. సత్తెమ్మకు ఇద్దరు ఆడపిల్లలు. రెండోదాన్ని పాలు మాన్పించిన నెలకే ఆడపడుచు రత్తమ్మకు పెంపకానికి ఇచ్చింది. రత్తమ్మకు పిల్లల్లేరు. ఇచ్చేటప్పుడు రత్తమ్మ ఒక్కటే అడిగింది. పిల్ల నన్నే అమ్మ అనుకోవాలి, నువ్వు దాని కంటపడకు అని. సత్తెమ్మ పిల్ల తలమీద చెయ్యి వేసి మాట ఇచ్చింది. ఇప్పుడా పిల్ల ఆ బడిలో రెండో తరగతి. సత్తెమ్మ రోడ్డు దాటలేదు, పలకరించలేదు, పేరు పెట్టి పిలవలేదు. అవతల అరుగు మీద కూర్చుని, జడలో రిబ్బను ఏ రంగుదో చూసుకుని, వెనకాల బస్సుకు వెళ్ళిపోయేది.

కాగితం అందుకున్న పంతులుగారు, మన ఊరు పుస్తకంలోకి ఎక్కుతోందని టీ కొట్టు దగ్గర అందరికీ చదివి వినిపించాడు. సత్తెమ్మంటే రత్తమ్మ తమ్ముడి పెళ్ళామే గదా, అయితే పిల్ల కోసమే వస్తోందన్నమాట, అని ఎవరో అన్నారు. ఆ సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాటి నుంచి రత్తమ్మ పిల్లను బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టింది.

"నేను తప్పు చేశాను సత్తెమ్మా" అన్నాను.

"మీరేం చేత్తారండీ. నోరు జారింది నేను. పిల్ల సదువు పోయిందండీ, అదే నా బాధ. నాకు కనపడకపోతే పోయింది. అదన్నా సదూకుంటదనే గదండీ ఇచ్చింది" అంది.

ఆమె నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ రోజు విజయవాడ దాకా బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను.

"నిఘంటువు రేపైనా ఉంటుంది"

తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్ళాను. కంటికి కట్టు, మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. జరిగింది చెప్పాను. చీటీ చదవమన్నారు. చదివాను. గీత కింద కూడా చదవమన్నారు. చదివాను. పొడుం డబ్బీ చేతిలోకి తీసుకుని, పీల్చకుండానే పక్కన పెట్టేశారు.

"ఆ మనిషి నీకు అర్థం చెప్పలేదమ్మాయ్. తలుపు దగ్గరగా వేసుకుంది. నువ్వు ఆ తలుపు మీద అడ్రసు రాసి వచ్చావు" అన్నారు. ఆయనకు కోపం వస్తే గొంతు పెరిగేది. ఆ రోజు పెరగలేదు. అందుకే నాకు భయమేసింది.

"రాజీనామా రాసిస్తాను మాస్టారూ."

"రాజీనామా రాసిస్తే ఆ పిల్ల బడికి వెళ్తుందా? పోయి వాళ్ళ కాళ్ళు పట్టుకుంటావో, గడ్డం పట్టుకుంటావో, పిల్లని బడికి పంపించు. నిఘంటువు రేపైనా ఉంటుంది."

నా ఉద్యోగ జీవితంలో ఏ అధికారీ ఇంతకంటే మంచి ఆర్డరు ఇవ్వలేదు.

రత్తమ్మ

రత్తమ్మ ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని వల బాగుచేస్తోంది. గడపలో పిల్ల పలక పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లోపలికి పారిపోయింది. నేనెవరో చెప్పుకున్నాను. దారిలో ఒక ఉపాయం ఆలోచించుకుని వెళ్ళాను. అదే చెప్పాను.

"రత్తమ్మగారూ, ఆ వాక్యం సత్తెమ్మ అనలేదండీ. నేనే కల్పించి రాశాను. ఆమె ఇక్కడికి ఎప్పుడూ రాలేదు."

మా వృత్తిలో నోటితో అనకూడని మాట అది. అనేశాను. రత్తమ్మ వల మీద నుంచి తల ఎత్తి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందమ్మా, అంత సదూకున్నావు, అబద్దం కూడా సరిగ్గా ఆడలేవే?"

ఆమె మళ్ళీ వల పనిలో పడింది.

"మా మరదలు ఆ అరుగు మీద కూకుంటందని నాకు రెండేళ్ళ నుంచీ తెలుసు. పిల్ల బడికెళ్ళిన మొదటి రోజు నించీ తెలుసు. ఒకసారి ఎదురుపడ్డా గూడా. ఏందే ఈడున్నావని అడిగా. ఊరికే ఒదినా అంది. సరేలే అన్నా. అంతే."

"తెలిసి ఊరుకున్నారా?"

"ఊరుకోక? కన్న కడుపు. నేనేమన్నా రాతిదాన్నా? అది ఊరికే అన్నన్నాళ్ళూ నాకు తెలవనట్టే, అది మాట తప్పనట్టే. ఇద్దరికీ జరిగిపోయింది. ఇప్పుడు నువ్వు దాన్ని కాయితంలోకి ఎక్కిచ్చావు. పంతులు సదివాడు, ఊరంతా ఇన్నారు. ఇంక నాకు తెలవదని నేనెట్టా అనేదమ్మా? రేపు బళ్ళో ఏ పిల్లోడో, మీ అసలమ్మ అరుగు మీద కూకుందే అంటే, ఇది ఇంటికొచ్చి నన్నేమని అడుగుద్ది?"

అప్పటిదాకా నేను సత్తెమ్మ బాధ ఒక్కటే చూశాను. ఈమె భయం చూడలేదు. పిల్ల తనది కాకుండా పోతుందేమోనని ఆరేళ్ళుగా గుండెల్లో పెట్టుకున్న భయం అది.

ఏడాదిపాటు నేను ఊరూరా తిరిగి వెతికిన మాట ఈ వదినా మరదళ్ళ మధ్య కాపురం చేస్తోంది. ఒకరు అంటే ఇంకొకరు ఒప్పుకుంటున్నారు. ఆ ఒప్పుకోలు మీద ఒక పిల్ల చదువుకుంటోంది. ఎంత ప్రేమ లేకపోతే అది సాగుతుంది?

"కాగితాలన్నీ వెనక్కి తెచ్చేస్తానండీ" అన్నాను.

"కాయితాలు తెత్తావు. ఇన్న చెవుల్ని తెత్తావా?"

అక్కడే మంచం కోడు పట్టుకుని కూలబడి ఏడ్చాను. రత్తమ్మ కాసేపు చూసి, "లే అమ్మా, పెళ్ళికావాల్సిన పిల్లవి, ఈదిలో ఏడవగూడదు" అంది. పొమ్మని కసరలేదు. అంతకుమించి ఏమీ అనలేదు కూడా.

అక్కడి నుంచి పంతులుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడే. "సరదాకి ఊరికే చదివానండీ, ఇంత అవుతుందనుకోలేదు" అని తల పట్టుకున్నాడు. నేను పంపకపోతే ఆయన చదివేవాడు కాదు, కాబట్టి ఆయన్ని అనడానికి నాకు నోరు రాలేదు. ఏం చేద్దామంటే, పిల్లల నోళ్ళు నా పూచీ అన్నాడు. అన్నట్టే బడికి పిల్లల్ని పంపే ఇళ్ళన్నిటికీ తిరిగి, ఈ సంగతి ఏ పిల్లకీ చెప్పొద్దని ఒక్కొక్కరినీ బతిమాలాడు. కాగితాలు వెళ్ళిన బళ్ళన్నిటికీ నేను తిరిగాను. కొన్నిచోట్ల నవ్వారు, ఒకచోట గంటసేపు నిలబెట్టారు. అన్నీ తెచ్చాను. మాస్టారు కట్టు విప్పించుకుని ఆఫీసుకు వచ్చిన రోజున ఆయన ముందే చింపాను, చీటీతో సహా. నిఘంటువులో ‘ఊరికే’ దగ్గర మీరు చూసే వాడుక మా పక్కింటి పిన్నిగారిది. పంచదార సంగతి అందులో లేదు.

ఆ వాక్యం లేక మా నిఘంటువుకు లోటే. ఆ లోటు ఉండనివ్వండి. తెలిసిందల్లా రాయడం మన పని కాదు. మనిషి ఒక మాట చాటున నిలబడి ఉన్నప్పుడు, ఆ మాటకు అర్థం తెలిసినా తెలియనట్టు ఊరుకోవడం కూడా భాష తెలియడమే. రత్తమ్మకు అది తెలుసు. ఎం.ఏ. చదివిన నాకు తెలియలేదు.

అరుగు

పిల్ల మళ్ళీ బడికి వస్తోందని పంతులుగారు కార్డు రాసిన రోజునే జంక్షన్‌కు పరిగెత్తాను. సత్తెమ్మకు చెప్పాను. ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. మధ్యాహ్నం బస్సులో ఆమె పక్కనే కూర్చున్నాను. నేను కిటికీ వైపు, ఆమె నాకు ఇవతల.

"ఇంక ఆడ దిగనండీ. పిల్ల బడికెల్తంది, చాలు. మా ఒదినని ఇంకోసారి ఇబ్బంది పెట్టను" అంది. అంటూనే గంప అంచు గట్టిగా పట్టుకుంది.

ఆ రోజు బస్సు ఆలస్యమైంది, ఆ ఊరు వచ్చేసరికి బడి వదిలేశారు. బస్సు ఆగింది. కండక్టరు అలవాటు కొద్దీ, "ఏమ్మా, దిగవా?" అన్నాడు. సత్తెమ్మ తల అడ్డంగా ఊపి, ఒళ్ళోకి చూస్తూ కూర్చుంది. నేను కిటికీలోంచి చూశాను. అరుగు దగ్గర బడి సంచీ తగిలించుకున్న పిల్ల ఒకతి, రెండు చేతులతో పెద్ద ఇత్తడి గ్లాసు పట్టుకుని, తొణక్కుండా చూసుకుంటూ బస్సు మెట్ల దాకా వచ్చింది. గడపలోంచి పారిపోయిన పిల్లే.

"ఇందులో సత్తెమ్మత్త ఎవురండీ?" అని అడిగింది కండక్టర్ని.

సత్తెమ్మ తల ఎత్తింది. నేను జబ్బ పట్టుకుని లేపాను. ఇద్దరం దిగాం. బస్సు వెళ్ళిపోయింది.

"నువ్వేనా అత్తా? మా అమ్మ ఈ మజ్జిగ నీకిచ్చి రమ్మంది. ఎండన పడి వత్తావంట గదా" అంది పిల్ల.

దూరంగా వీధి మొగలో రత్తమ్మ నిలబడి ఉంది. ఇటు చూడటం లేదు. కాలవ వైపు చూస్తోంది. సత్తెమ్మ ఆవిడ వైపు ఒక్కసారి చూసింది. గ్లాసు అందుకోబోయి, చేతులు చేపల వాసనని కాబోలు, చీర కుచ్చెళ్ళకు రెండు మూడు సార్లు తుడుచుకుంది. అందుకుని అరుగు మీద కూర్చుంది.

"గ్లాసు మాత్రం తెచ్చెయ్యమంది మా అమ్మ. నువ్వు తాగిందాకా ఉంటాను" అని పిల్ల ఆమె పక్కనే చతికిలబడి కాళ్ళూపడం మొదలుపెట్టింది.

సత్తెమ్మ గ్లాసు పెదవులకు ఆనించుకుని, పిల్లను చూస్తూ, గుక్కగుక్కకూ ఆగి ఆగి తాగింది. ఈలోగా ఆమె ఊరికి వెళ్ళే బస్సులు రెండు వచ్చి వెళ్ళిపోయాయి. గ్లాసులో మజ్జిగ ఇంకా ఉంది.